మల్లన్న చేత పంపుతున్న బ్యాటరీలు

దోహా,
శుక్రవారం మధ్యాహ్నం

చెల్లె రమకు అన్న శ్రీను ప్రేమతో రాస్తున్నది.

నువ్వు, బావ, అమ్మ, చిన్న మేనకోడలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ దగ్గు తగ్గిందా? బీడీలు చుట్టే చాట ముందు కూర్చుంటే పూట గడిచేదాకా లేవదు. కిటికీ తెరిచి కూర్చోమని నా మాటగా చెప్పు. నా గురించి రంధి పెట్టుకోకండి. పని బాగుంది, తిండి బాగుంది. మా గదిలో నిజామాబాద్ మనిషి ఒకాయన పచ్చిపులుసు చేస్తాడు. అమ్మ చేసినట్టు ఉండదు గానీ, కళ్ళు మూసుకొని తింటే కొంచెం దగ్గరికి వస్తుంది.

నువ్వు నెల కింద పంపిన వాయిస్ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను. ఎల్లంతకుంట పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళ కెమెరా ఆగిపోయిందని, పెళ్ళికూతురి తల్లి అందరి ముందు "ఆడపిల్ల చేతికి కెమెరా ఇస్తే గిట్లనే అయితది" అన్నదని చెప్పి ఏడ్చావు. చివర "అన్నా, స్టూడియో బందు పెడుదామా?" అని అడిగావు.

రమా, తప్పు నీది కాదు, నాది. కోరుట్లలో స్టూడియో నీకు అప్పజెప్పి విమానం ఎక్కినప్పుడు, అప్పటికే పాతబడ్డ రెండు బ్యాటరీలు నీ చేతిలో పెట్టాను. అవి ఫుల్ అని చూపిస్తాయి, కానీ లోపల సత్తువ ఉండదు. యాభై ఫొటోలు తీయగానే చతికిలబడతాయి. ఫోన్‌లో చెబితే సగం మాటలు నెట్ మింగేస్తుంది, అందుకే కాగితం మీద రాస్తున్నాను. దాచుకో.

నాకూ మూడు వారాల కింద అదే జరిగింది. ఎట్లా జరిగిందో చెబుతాను.

నా పని నీకు తెలుసు కదా. కడుతున్న బిల్డింగ్‌ను ప్రతి శనివారం అంతస్తు అంతస్తుకూ ఫొటోలు తీసి ఇంజనీర్లకు ఇవ్వాలి. ఇక్కడ ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే లెన్స్ మీద చెమట పట్టినట్టు ఆవిరి పడుతుంది. అది ఆరేదాకా పావుగంట ఊరికే నిలబడాలి. ఆ పావుగంటలో నాకు తోడు దొరికినవాడు మల్లన్న. మన జగిత్యాల దిక్కే, వెల్గటూర్ మనిషి. ఊళ్ళో నడుముకు మోకు కట్టుకొని తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఇక్కడ గోడల పక్కన ఇనుప పైపులతో పరంజా కట్టే పని. నేను ఊపిరి బిగబట్టి చూసే ఎత్తులో ఆయన పాట పాడుకుంటూ తిరుగుతాడు.

ఒకరోజు అడిగాడు.

"తమ్మీ, నాదొక ఫొటో దించుతవా? పైన నిలవడ్డప్పుడు. ఎనుక సముద్రం కనవడాలె."

"ఎవరికి మల్లన్నా?"

"మీ వదినకు. నేనేం పని చేస్తున్ననో ఆమెకు సమజ్ గాలే. కంపెన్ల పని అంటే కుర్చీల కూసుంటననుకుంటది."

సముద్రం వైపు పరంజాను ఆదివారం విప్పేస్తారని తెలిసింది. మిగిలింది ఆ ఒక్క శనివారమే. పొద్దున్నే కెమెరా తీసుకొని ఇరవై రెండో అంతస్తుకు వెళ్ళాను. బ్యాటరీ గుర్తు నిండుగానే ఉంది. కానీ కెమెరా సంచి రెండు రోజులు కంపెనీ బండిలో అద్దం వెనక ఎండకు పడి ఉందని నాకు అప్పుడు తట్టలేదు. ముందు కంపెనీ ఫొటోలు ముగించాను. మల్లన్న బెల్టు కొక్కెం పైపుకు తగిలించి, అంచున నిలబడి, తల మీది హెల్మెట్ సర్దుకున్నాడు. కెమెరా ఎత్తాను. ఎర్ర గుర్తు ఒకసారి మెరిసి అంతా నల్లబడింది.

"ఏమైంది తమ్మీ?"

"బ్యాటరీ పోయింది మల్లన్నా."

"పోతే పోనియ్యి తీ" అన్నాడు గానీ అంచు మీంచి కదలలేదు.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు చెల్లె. మంటపం మీద అందరూ నిన్నే చూస్తుంటే ఎట్లా నిలబడ్డావో అనుకున్నాను. బ్యాటరీ బయటికి తీస్తే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. దాన్ని స్తంభం నీడలో గాలికి పెట్టాను. పది నిమిషాలు అట్లాగే ఉంచాను. చల్లబడ్డాక కరెంటు అందే దాని ఇత్తడి రంగు చుక్కలను పొడి రుమాలుతో తుడిచాను. కెమెరా వెనక తెర ఆపేశాను, తీసిన ఫొటో చూపించే సెట్టింగ్, వైఫై కూడా ఆపేశాను. ఆయనను ఎక్కడ నిలబెట్టాలో, సముద్రం ఎంత రావాలో కెమెరా ఆన్ చేయకుండా ఉత్త కంటితోనే చూసుకున్నాను. తర్వాత ఆన్ చేసి నొక్కాను. ఒకటి. ఇంకొకటి. మళ్ళీ నల్లబడింది.

ఆ రెండింట్లో ఒకటి కుదిరింది రమా. ఇక్కడికి వచ్చాక నేను తీసినవాటిలో అదొక్కటే ఫొటో, మిగిలినవన్నీ లెక్కకే. ఎండకు నల్లబడ్డ మొహం, కొంచెం గర్వం, కొంచెం సిగ్గు, వెనక ఎంత దూరం చూసినా నీళ్ళే.

ఆఫీసు కంప్యూటర్‌లో పెద్దగా చేసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"వదినకు పంపుదామా ఇప్పుడే?" అన్నాను.

"వద్దు తమ్మీ."

"ఏమైంది, బాగ రాలేదా?"

"బాగనే అచ్చింది. గంత ఎత్తు మీద ఉంటనని నాకే తెల్వదు." అన్నాడు. "నేను తాడిచెట్టెక్కితే మీ వదిన కింద నిలవడేది. నేను దిగేదాక మీదికి సూసేది కాదు, నేల సూసుకుంట ఉండేది. గిది ఫోన్ల చూస్తే ఒక్కతే ఆగమైతది. నేను ఇంటికి పోయినంక, పక్కన కూసొని చూపిస్త. భయమైతే నా చెయ్యి పట్టుకుంటది గదా."

ప్రింట్ తీసి, అట్ట మధ్య పెట్టి ఇచ్చాను.

ఆయనకు సెలవు వచ్చింది. నేనూ పెట్టుకున్నాను గానీ, బిల్డింగ్ పూర్తయ్యేదాకా ఆగమన్నారు. అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఈ ఉత్తరంతో పాటు రెండు కొత్త బ్యాటరీలు, ఒక చార్జర్ ఆయన చేత పంపుతున్నాను. విమానంలో పెద్ద పెట్టెలో వెయ్యొద్దని, చేతి సంచిలోనే పెట్టుకోమని చెప్పాను. వాటి మూతలు తీసి తాళంచెవులతో కలిపి పెట్టకు, ఇనుము తగిలితే ప్రమాదం.

వాటి మీద ఒకటి, రెండు అని రాసి మార్చి మార్చి వాడు. పూర్తిగా సచ్చేదాకా వాడాలనేది వట్టి మాట, కొంచెం మిగిలి ఉండగానే చార్జింగ్ పెట్టు. నిండగానే తీసెయ్యి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కెమెరాలోంచి తీసి, సగం చార్జింగ్‌తో బీరువాలో పెట్టు. ఇన్వర్టర్ మీద, బండి డిక్కీలో మాత్రం వద్దు. పెళ్ళికి ముందు రోజు నిండా చార్జ్ చేసి ఓ వంద ఫొటోలు తీసి చూడు, అది ఎంత నిలబడుతుందో తెలుస్తుంది. వీడియో తీస్తే తొందరగా తాగేస్తుంది. పాత వాటిని బల్ల మీద పెట్టి తిప్పు. బొంగరంలా తిరిగితే కడుపు ఉబ్బినట్టే. ఇక వాటిని వాడకు, నొక్కకు, చెత్తలో వెయ్యకు. జగిత్యాలలో పాత బ్యాటరీలు తీసుకునే దుకాణం ఉంటే అడిగి ఇవ్వు.

తర్వాత ఒప్పుకున్న సిరిసిల్ల పెళ్ళి వాళ్ళకు రానని చెప్పొద్దు. తప్పకుండా పో. ఎల్లంతకుంటకు కూడా ఒకసారి పోయి రా. పెళ్ళికూతురు పుట్టింటికి వచ్చినప్పుడు ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి, పిడికెడు తలంబ్రాలు చేతికిచ్చి మళ్ళీ తీసి పెట్టు. ఆ ఘడియ తిరిగి రాదు, నాకు తెలుసు. కానీ ఈసారి పంతులు తొందరపెట్టడు, చుట్టాలు అడ్డం రారు, వాళ్ళిద్దరూ మనసారా నవ్వుతారు. ఆ తల్లి నిన్ను ఏమన్నా అంటే విని ఊరుకో. నీ పని చూశాక ఆమే చాయ్ తాగి పొమ్మంటుంది.

అమ్మ పాదాలకు మొక్కుతున్నాను. బావకు నమస్కారాలు, చిన్న కోడలికి ముద్దులు. మన వాడకట్టు పెద్దలందరినీ అడిగానని చెప్పు. నీకు నా నిండు దీవెనలు.

మల్లన్న బుధవారం జగిత్యాల బస్టాండ్‌లో దిగుతాడు. నువ్వు వెళ్ళి సంచి తీసుకొని పంపెయ్యకు, ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టు. అమ్మ ఆయనను నా గురించి అడుగుతుంది. ఎంతసేపైనా అడగనియ్యి, మధ్యలో ఆపకు. నన్ను మొన్నమొన్న చూసిన మనిషి మన ఇంట్లో కూర్చోవడం మూడేండ్లలో ఇదే మొదలు.

మీ అన్న,
శ్రీను