ఆ గడి నాది కాదు

అమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను, ముందు కళ్లు తుడుచుకుని ఇది చదువు.

ఫోన్లో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు, అందుకే కార్డు. చెయ్యి విరిగిందని ఎముకల స్కాను తీశారు కదా. ఆ రిపోర్టులో మొదటి గడి నేనే చూసేసుకుని, ఎముకలు గుల్లబారాయని చెప్పి నిన్ను హడలగొట్టాను. ఇవాళ డాక్టరమ్మ ఆ గడిని బొటనవేలితో మూసేసింది. "ఇది నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లకు చూసే అంకె. నీకు పక్క గడి చూడాలి, అందులో నీ ఈడువాళ్లతో పోలుస్తారు" అంది. పక్క గడిలో అంతా సవ్యంగానే ఉంది. పైగా మనలాంటి చిన్న ఎముకల్ని ఆ మిషను ఉన్నదానికంటే పలచగా చూపిస్తుందట. "మీ ఇంట్లో అందరూ పొట్టేనా?" అని అడిగితే, మా ఇంట్లో నేనే తాటిచెట్టునని చెప్పాను. చెయ్యి విరగడం మా ప్రెస్సు మెట్ల మీద ఒలికిన నూనె పుణ్యం, అంతే.

నాన్న కళ్లజోడు బాగుచేయించారా? అన్నయ్య ఇటు వస్తే నా స్వెటరు ఇచ్చి పంపు.

ఇంకో మాట. వంటింట్లో పై అర నీ చేతికి అందేలా నువ్వే దగ్గరుండి కొట్టించుకున్నావు. మొన్న నేను వచ్చినప్పుడు పీట ఎక్కి డబ్బా తీశావు. అర పైకి జరగలేదమ్మా, నువ్వే కుంగావు. ఆ మొదటి గడి చూడాల్సింది నీకు. అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లి స్కాను తీయించుకో.

నాన్నకు నమస్కారాలు. డబ్బాలన్నీ కింద అరలోకి దించమన్నానని ఆయనతో చెప్పు. నువ్వు మాత్రం పీట ఎక్కకు.

నీ పొట్టిది