మెడ మీద దురద

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ కూతురు రమ మెడ గోక్కుంటూ కనిపించింది. మనలా అది ఏనాడూ జీడిపిక్కలు కొట్టలేదు, ఒంటికి జీడి సొన అంటలేదు, మరి ఆ దురద ఎక్కడిది? వెంటనే బస్సెక్కించి టెక్కలి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చూసి ఎలర్జీ అంది. ఎలర్జీకీ, నిన్ను తీసుకుపోయిన కేన్సరుకీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగాను.

"ఉండొచ్చని వెతుకుతున్నారమ్మా, ఇంకా తేలలేదు. కొన్ని కేన్సర్లలో ముందు దురదే వస్తుంది. కానీ ప్రతి దురదా అది కాదు," అంది.

మాత్ర వేసుకున్నాక మధ్యాహ్నానికే తగ్గిపోయింది. అయినా నేను దాని మెడ తడుముతూనే ఉన్నాను.

"ఎన్నిసార్లు సూత్తావు పిన్నీ? తగ్గిపోనాది కదా," అని విసుక్కుంది.

దానికి ఎలా చెప్పను? నీకు దురద మొదలైనప్పుడు, పలాసలో పిక్కలు కొట్టేవాళ్ళందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను. "జీడి సొన తగిలుంటాదక్కా, కొబ్బరినూనె రాత్తానుండు," అన్నాను. రోజూ నేనే రాశాను. నీ మెడ పక్కన గడ్డ నా వేళ్ళకి తగిలింది. గోకి గోకి వాచిందనుకుని, దాని మీద ఇంకాస్త నూనె రాశాను.