అమావాస్యనాడు ఆడిన మగ్గం

మామా,

ఇవాళ నువ్వు పోయిన తిథి. నేనేమో వేలూరు ఆసుపత్రిలో, కాలి పుండు మానాలని ఇనుప గదిలో కూర్చుని, ఒత్తిడి పెంచిన ఆక్సిజన్ పీల్చాను. అది మితిమీరితే మెదడుకే విషమై ఫిట్స్ వస్తాయట; దానికి ముందు చెవిలో లేని చప్పుళ్లు మోగుతాయట.

"చెవిలో ఏమన్నా మోగితే చెయ్యెత్తమ్మా, మాస్కు తీసేస్తా," అనింది పక్కనున్న నర్సు.

కాసేపటికి నీ మగ్గం వినిపించింది. మధ్యమధ్య నీ దగ్గు. హాయిగా వింటూ ఉండిపోయేదాన్నే. కానీ ఇవాళ అమావాస్య. మన గుడియాత్తంలో ఈ రోజు నేతగాళ్లెవరూ మగ్గం ముట్టరు; నీకున్న భక్తల్లా ఆ సెలవు మీదే. ఇది నువ్వు కాదని చెయ్యెత్తాను.

"ఏం వినపడిందమ్మా?"

"మా ఇంటాయన. సెలవునాడు పని చేస్తా ఉండాడు."

మాస్కు తీయగానే మగ్గం ఆగింది. దగ్గు మాత్రం కాసేపు ఆగలేదు.

రేపు కూడా ఆ గదిలో కూర్చోవాలి. రేపు పాడ్యమి, మగ్గాలాడే రోజు. వినిపిస్తే చెయ్యెత్తుతానో లేదో, మామా.