గుమ్మం గోడకి పట్టింది

మార్తక్కకు నీ చెల్లెలు రూతు వందనాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం, ఈ మంచుకి మా కీర్తనకి కాస్త జలుబు చేసింది తప్ప. మీ అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగా వెళ్తున్నారా? మోకాలికి నూనె రాసుకుంటున్నావా, లేక ఎప్పటిలా సీసా అలమారలో పెట్టి నొప్పి నొప్పి అంటున్నావా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ చేస్తే నా పక్కన మీ మరిదిగారు ఉంటారు, నీ పక్కన బావగారు ఉంటారు. నేను చెప్పాల్సింది వాళ్ళిద్దరి గురించే. బావగారు సముద్రం మీద వేటకి వెళ్ళాక తీరిగ్గా చదువుకో.

రావులపాలెంలో పనికి లోటు లేదు. ఆయన మార్కెట్లో అరటి గెలలు లారీలకి ఎక్కిస్తున్నారు, నేను ఆకులు కట్టలు కడుతున్నాను. చీరకి అరటి కర పడితే ఎంత ఉతికినా పోవడం లేదు. తిండి దగ్గరే బెంగ. ఇక్కడ ఎప్పుడూ చెరువు చేపే, ఎంత పులుసు పెట్టినా బురద వాసన. ఉప్పాడ నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్ళు పంపు, మర్చిపోకు. ఇరుగుపొరుగు మంచివాళ్ళే, దిగులు పడకు. అయినా సాయంత్రమయ్యేసరికి మనవాళ్ళెవరైనా వచ్చి "ఏంటే రూతూ" అంటే బాగుండును అనిపిస్తుంది.

ఇక ఇంటి సంగతి. ఈ మూఢం రోజుల్లో ఇక్కడి రైతులు కొత్త ఇళ్ళ పని మొదలుపెట్టరు, అందుకని సత్తిబాబు మేస్త్రిగారు ఖాళీగా దొరికారు. క్రిస్మస్‌కి పైన రేకులు వేయించి, ముందు నక్షత్రం కట్టి, సొంత ఇంట్లో పండగ చేసుకోవాలని నా ఆశ. అద్దె గదిలో పండగలు చేసి చేసి విసిగిపోయానక్కా. గుమ్మానికి ఖాళీ వదిలి గోడలు లేపారు. అందులో పెట్టాల్సింది మా మామగారి టేకు ద్వారబంధం. నీకు తెలుసుగా, ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ దగ్గరికొచ్చినప్పుడల్లా పీకి, వెనక్కి తెచ్చి, మళ్ళీ నిలబెట్టుకున్నది. మేస్త్రిగారు దాన్ని నిలబెట్టి చుట్టూ సిమెంటు కూరబోతే మీ మరిదిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సిమెంటు వద్దండి. చెక్క చీలలు కొట్టి ఇసక కూరండి, చాలు."

"ఏంటండి, ఇదేమైనా పెళ్ళి పందిరా? ఊగిపోద్దండి."

"సిమెంటు పెడితే మళ్ళీ పీకడానికి గోడ పగలగొట్టాలి కదండి."

"అసలెందుకు పీకుతారండి?"

ఆయన అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు. మేస్త్రిగారు తాపీ కడుక్కుని, "మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండి" అని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం ఎక్కడ, రావులపాలెం ఎక్కడ! పండగ ముంచుకొస్తుంటే ఈ పిచ్చేంటని కేకలేశాను. ఆయన గోడలకి నీళ్ళు కొడుతూనే ఉన్నారు. బకెట్ ఖాళీ అయ్యాక నెమ్మదిగా అన్నారు.

"ఇక్కడ చప్పుడు లేదు రూతూ. చప్పుడు లేకపోతే అది ఎంత దగ్గరికొచ్చిందో ఎలా తెలుస్తుంది?"

కోపం ఎక్కడికి పోయిందో, ఏడుపొచ్చింది. ఆ హోరు లేక నాకూ నిద్ర పట్టదు. కానీ నాది బెంగ, ఆయనది భయం. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను.

మర్నాడు నేనే వెళ్ళి మేస్త్రిగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని టీకి రమ్మన్నారు. వాళ్ళది గోదావరి లంకలో పాత పెంకుటిల్లు. ద్వారబంధం మీద ఛాతీ ఎత్తున ఒక మరక ఉంది, దాని కింద చెక్కంతా నల్లబడింది.

"వరదకి గోదారి ఇక్కడిదాకా వచ్చిందండి. ఎదురింటి మేడెక్కి కూర్చున్నాం" అన్నారు మేస్త్రిగారు.

"తర్వాతండి?" అన్నారు మీ మరిదిగారు.

"తర్వాతేముందండి, వెళ్ళిపోయింది. బురద కడుక్కున్నాం."

"వెళ్ళిపోయిందా అండి? ఇల్లు ఇక్కడే వదిలేసి?"

చిన్నపిల్లాడిలా అడిగారక్కా. ఆ మరక మీద చెయ్యి పెట్టి చూశారు. మన దగ్గర ఇంటి మీదికి వచ్చిన నీళ్ళు ఇల్లు మిగిల్చి వెనక్కి వెళ్ళడం మనమెప్పుడైనా చూశామా? మర్నాడు పొద్దున్నే ఆయనే సిమెంటూ ఇసకా కలిపి మేస్త్రిగారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

గుమ్మం గోడకి పట్టింది. రేకులు కూడా పడ్డాయి. వెదురు కర్రకి నక్షత్రం కట్టి నిలబెట్టాం. నిన్న సాయంత్రం చర్చి వాళ్ళు డప్పు కొట్టుకుంటూ వచ్చి, సున్నమైనా వెయ్యని మా గోడల ముందు నిలబడి పాడారు. అందరికీ బెల్లం గవ్వలు పెట్టాను. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నీ సంగతి. సముద్రం మీ వీధి చివరికి వచ్చిందనీ, బావగారు కిటికీలు వదులు చేసి పెట్టారనీ విన్నాను. సిమెంటు గట్టిపడ్డాక మీ మరిదిగారు గుమ్మం పీకడానికి వాడే మామగారి గునపం తీసి తుడిచి, "మనకింక అక్కర్లేదు, బావగారికి పంపించు, పనికొస్తుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను మాత్రం పంపను, కోపం తెచ్చుకోకు. పంపితే మీరు తలుపులు పీక్కుని ఇంకో వీధి వెనక్కి జరుగుతారు. అక్కడికీ సముద్రం వస్తుంది. తలుపులూ కిటికీలూ అన్నీ అక్కడే వదిలేసి రండి. వంటగది పక్కన ఇంకో గది వేయించాను. ఎవరికని ఆయన అడగలేదు.

బావగారికి నా వందనాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. మీ అత్తయ్యగారిని మా ఇంటి కోసం ప్రార్థన చెయ్యమను. ఆశీర్వాదాలు మాత్రం జవాబులో రాసి పంపకు. నువ్వు వచ్చి మా గుమ్మంలో నిలబడి ఇస్తేనే తీసుకుంటాను.

నీ చెల్లెలు
రూతు