పై పొర చెదరకుండా

అక్కా,

ఇన్నేళ్లూ నీ పక్కన పనిచేసి, నువ్వు లేకుండా చెరువు అడుగు నుంచి మట్టి తీయడం ఇదే మొదటిసారి. పోయినసారి హుస్సేన్‌సాగర్‌లో మట్టి తీసే గొట్టం అడుగు చేరబోతుండగా తాడు గబుక్కున వదిలేశాను. పైమట్టి లేచి నీళ్లన్నీ మురికైపోయాయి. నువ్వు తిట్టలేదు. "మల్లొద్దాంలే, జర నిమ్మలంగ దించాలె" అన్నావు. మళ్లీ రాకుండానే పోయావు. ఏడాదైంది.

ఈ రోజు అంగుళం అంగుళంగా దించాను. గొట్టం మొన నీళ్లలో ఉండగానే చెయ్యి ముంచి రబ్బరు బిరడా బిగించాను. అయినా అనుమానమే. ఆటోలో మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాను.

"గా పైపుల ఏముందమ్మా?" అన్నాడు ఆటో ఆయన.

"చెరువు అడుగు బురద."

"బురదకు గింత ఫికరా! పండవెట్టున్రి జర."

"పండబెడితే ఏడాదేడాదికీ పేరుకున్న పొరలు కలిసిపోతాయన్నా."

నవ్వాడు కానీ, పంజగుట్ట దాకా ప్రతి గుంత దగ్గరా బండి నెమ్మది చేశాడు. "పెండ్లిపిల్లను సుత గిట్ల తీస్కపోలే" అన్నాడు. నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి.

అమీర్‌పేటలో మన ల్యాబులో గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. మట్టి మీద నీళ్లు తేటగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన వేలెడు మందం లేని మెత్తటి పొర, కాస్తయినా చెదరలేదు. నువ్వు పోయాక పేరుకున్నది అంతే.

మట్టిని పొరపొరగా కోయడం పైనుంచే మొదలుపెట్టాలి కదా. కత్తి చేతిలో పట్టుకుని చాలాసేపటి నుంచి కూర్చున్నాను. ఆ ఒక్క పొర దాటితే, కిందంతా నువ్వున్న రోజుల మట్టే.