ఫారంలో మనిషికి గడి లేదు

అల్ఫారెట్టా,
20 అక్టోబర్ 2009

సుత్తి పట్టి కాయలు కాసిన చేతులతోనే నాకు జడలు వేసిన అమ్మకు,

వచ్చే నెల పంతొమ్మిదో తేదీన నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఒక పెద్దాయన ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే నాది పోతుంది. ఏదో ఒకటి చేసేశాక నీకు చెప్పడం ఇష్టం లేక ఇప్పుడే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "తిన్నవా బిడ్డా" అంటావు, నేను "తిన్నానమ్మా" అంటాను, ఈలోగా ఫోన్ కార్డు అయిపోతుంది. మీ పట్టాల గ్యాంగులో వీరాంజనేయులు మామ చదివి వినిపిస్తాడు కదా. మామా, నెమ్మదిగా చదువు. నీ సొంత మాటలు కలపకు.

నాకు రైలు కంపెనీలో పని దొరికిందని తెలిసిన రోజు నువ్వు గ్యాంగంతటికీ చాయ్ పోయించి, "కోటయ్య బిడ్డ అమెరికాల రైళ్లు నడుపుతాంది" అన్నావట. నేను నడపనమ్మా. నేను కూర్చునే హాలుకి కిటికీ కూడా లేదు. గోడ నిండా తెరలు, వాటి మీద నాలుగు రాష్ట్రాల గూడ్సు బళ్లు రంగు గీతలుగా కదులుతుంటాయి. ఏ బండి ఆగాలో ఏది వెళ్లాలో చెప్పేది గ్రెగ్. మన దగ్గర కంట్రోలర్ లాంటివాడు. బండి మీద ఉన్నవాళ్లు రేడియోలో చెప్పింది విని, అతని పక్కన కూర్చుని కంప్యూటర్ ఫారంలో నింపడం నా పని. నాకు జీతమిచ్చేది ఆ కంపెనీ కాదు, జగన్మోహన్ గారని మనవాళ్ల కన్సల్టెన్సీ. ఈ దేశంలో నేనుండటానికి వీసా కాగితాలు పంపవలసిందీ ఆయనే.

ఇక్కడి రైలు వాళ్ల బతుకు నీకు కొత్తేమీ కాదు. పండగైనా జ్వరమైనా పిలుపొస్తే రెండు గంటల్లో బండెక్కాలి. పైవాళ్లు పట్టాల పక్క పొదల్లో దాక్కుని ఎవరు ఏ రూలు తప్పారో రాసుకుంటారు. మన పట్టాల తనిఖీకి వచ్చే పీడబ్ల్యూఐ గారు తుమ్మచెట్ల వెనక స్కూటర్ దాచి వచ్చేవారే, అలాగే. చెప్పకుండా బండి ఆపితే విచారణ. అందుకే ఎవరూ ఏదీ సొంతంగా చేయరు, ఏదీ చూడరు.

ఇక్కడ గూడ్సు బళ్లలో చాటుగా ఎక్కి ఊళ్లు దాటేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ ఏడాది ఉద్యోగాలు పోయాక మరీ పెరిగారు. పాతకాలపు గార్డులు కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, నీళ్ల సీసా వదిలి వెళ్తారు. రైలు పోలీసులకు దొరికితే మాత్రం దుప్పటీ సంచీ పక్కన పారేసి, ఇల్లూ వాకిలీ లేని చోట దింపేస్తారు, లేదా జైలు. మా హాల్లో వాళ్లంటే నవ్వులాట. ఎవరైనా కనిపించారని కబురొస్తే గ్రెగ్ చెయ్యెత్తి, "ఇంకో ఫస్ట్ క్లాస్ టికెట్" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. కొత్తగా వచ్చినదాన్ని, నవ్వకపోతే ఏమనుకుంటారో అని.

సెప్టెంబర్ ఎనిమిదిన, మధ్యాహ్నం. డ్వేన్ అనే ఆయన గార్డుగా ఉన్న బండికి బ్రేకు గాలి తగ్గి పక్క లైన్లో ఆగింది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు ఆయనది. మైలు దూరం నడిచి వెనక్కి వెళ్లాడు. కాసేపటికి రేడియోలో ఆయన గొంతు వచ్చింది. "ఇక్కడొక మనిషి ఉన్నాడు. ఈ కంటైనర్ వ్యాగన్‌కి అడుగు లేదు, అంచు మీద పడుకున్నాడు. కాలు నలిగిపోయింది. అంబులెన్స్ పంపండి. అప్పటిదాకా నేను బండి కదపను."

నా ఫారంలో గడులు నాలుగే అమ్మా. ఉద్యోగి, కాంట్రాక్టర్, ప్రయాణికుడు, అక్రమంగా చొరబడినవాడు. మొదటి మూడింటిలో ఏది నొక్కినా కింద "గాయమైందా" అన్న ప్రశ్న తెరుచుకుంటుంది. అవునంటే కబురు అంబులెన్స్‌కి దానంతటదే వెళ్తుంది. నాలుగోది నొక్కితే ఆ ప్రశ్న బూడిద రంగులోకి మారిపోతుంది, కబురు పోలీసులకే వెళ్తుంది. డ్వేన్ చెప్పిన మాట "మనిషి". దానికి గడి లేదు.

గ్రెగ్‌ని అడిగాను. "దెబ్బ తగిలిందంటున్నాడు. ఏది నొక్కను?"

"వాడికి మనం జీతమిస్తున్నామా?"

"లేదు."

"టికెట్ కొన్నాడా?"

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు, కిడ్డో?"

నాలుగోది నొక్కాను. నా వేలితోనే నొక్కాను అమ్మా. ప్రయాణికుడని నొక్కి ఉంటే అది తప్పుడు ఎంట్రీ అయ్యేది, అంతే. ఆ మనిషికి అంబులెన్స్ వచ్చేది. నాకు ఆ క్షణంలో అది తెలుసు. ఫారం సరిగ్గా నింపాలని మాత్రమే అనుకున్నాను. క్లాసులో మొదటి మార్కులు తెచ్చుకున్నట్టు.

బండి అప్పటికే యాభై నిమిషాలు లేటు. ముప్పై మైళ్ల అవతల యార్డులో పోలీసులు చూసుకుంటారు, కదలమన్నాడు గ్రెగ్. డ్వేన్ రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి గ్రెగ్ ఆయన పూర్తి పేరు పిలిచి, ఆజ్ఞ ధిక్కరించిన రూలు నంబరు చదివాడు. డ్వేన్ తన బెల్టు తీసి ఆ మనిషిని ఇనుప కడ్డీకి కట్టి ఇంజనుకి తిరిగి వెళ్లాడట. యార్డులో పోలీసులకు బెల్టే దొరికింది. దారిలో పడి చనిపోయిన మనిషిని మర్నాడు పొద్దున ట్రాక్ గ్యాంగు వాళ్లు చూశారు. పేరు రాయ్. మూతపడిన తివాచీల మిల్లులో పనిచేసేవాడు. అక్క ఊరికి వెళ్తున్నాడు.

ఇప్పుడు తప్పంతా డ్వేన్ మీద పెట్టారు. గాయం సంగతి ఆయన చెప్పనే లేదని. రేడియో రికార్డింగు ముప్పై రోజులే ఉంచుతారు. అది చెరిగిపోయాకే విచారణ తేదీ వేశారు. ఇంజను డ్రైవర్ తనకేమీ వినపడలేదన్నాడు. అతని పెన్షన్‌కి ఇంకా రెండేళ్లుంది. ఇక విన్నది గ్రెగ్, నేను. నేను సంతకం పెట్టవలసిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: "గాయం గురించి గార్డు ఏమీ చెప్పగా నేను వినలేదు."

జగన్మోహన్ గారు ఫోన్ చేశారు. "చూడమ్మా, నీ హెచ్‌వన్ ఫైల్ నా టేబుల్ మీద రెడీగా ఉంది. ఇరవయ్యో తారీకున పంపుదామనుకుంటున్నా. మనం ఇక్కడ గెస్టులం. క్లయింట్‌తో ఇష్యూ పెట్టుకుంటే నీ ఒక్కదానికే కాదు, అక్కడున్న మన పదకొండుమందికీ దెబ్బ." నాతో ఉండే విద్యని అడిగితే, "నువ్వేం చేశావే, మౌస్ క్లిక్ చేశావ్. పెట్టేసి పడుకో" అంది. పెట్టేద్దామనే అనుకున్నాను. రెండు రాత్రులు అనుకున్నాను.

కానీ మన గ్యాంగు గుర్తొచ్చింది. పట్టాల మీద ఎవరు పడ్డా మీరు "మనిషి పడ్డడు" అనేవాళ్లు. ఎవరు, ఎందుకు పడ్డారు అన్నది తర్వాత. పోలీసులు వచ్చేదాకా ఒకరు పక్కన కూర్చోవాలి, అది మన గ్యాంగు పద్ధతి. ఒకసారి నువ్వు పేరూ ఊరూ తెలియని ఒకడి పక్కన ఎండలో సాయంత్రం దాకా కూర్చుని, నీ కొత్త తువ్వాలు అతని మీదే వదిలి వచ్చావు.

ఇక అసలు సంగతి. తొమ్మిదేళ్లుగా నీ దగ్గర ఒకటి దాచాను. మామా, ఈ పేరా కూడా వదలకుండా చదువు. పదో తరగతిలో స్కాలర్‌షిప్ కోసం నాన్న చనిపోయిన కాగితాల నకలు తెచ్చుకోమన్నారు, గుర్తుందా? ఆఫీసు వరండాలో నిలబడి అది చదివాను. "డ్యూటీలో లేని సమయంలో, మద్యం సేవించి, కల్లు దుకాణం వైపు పట్టాలు దాటుతూ, కి.మీ. 476/8 వద్ద." కింద నీ వేలిముద్ర. నాన్న తాగేవాడు కాదు. ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు, పట్టాల కీలు బిగించడానికి వెళ్లాడు. నీకు చదవడం రాదని, ఆ అబద్ధం కింద నీచేతే వేలిముద్ర వేయించారు. నువ్వు బయట మెట్ల మీద కూర్చుని "అంతా సక్కగున్నదా బిడ్డా" అని అడిగావు. ఉందన్నాను. మనింట్లో మొదట చదువుకున్నదాన్ని నేను, నా చదువుతో నీకు మొదట చెప్పిందే అబద్ధం.

నీకు చదువు రాక వేశావు. నాకు ఆ సాకు లేదు. పెట్టమంటావా, వద్దంటావా? నవంబర్ పదిహేనులోపు మామ ఫోన్ నుంచి ఒక్క మాట చెప్పు.

నీ కూతురు,
దమయంతి


అల్ఫారెట్టా,
22 నవంబర్ 2009

అన్నీ తెలిసి మోసిన నా అమ్మకు,

పన్నెండో తారీకున నువ్వు ఫోన్ చేశావు. ఈసారి తిన్నావా అని అడగలేదు. "నాకెరికే బిడ్డా" అన్నావు. "ఆ దినమే ఎరిక. ఏలు ఎయ్యకముందే వీరాంజనేయులు సదివి ఇనిపించిండు. ఎయ్యకుంటే మీ నాయిన నౌకరి నాకు రాదన్నరు. తెలిసే ఏసిన."

నేను నిన్ను కాపాడుతున్నానని తొమ్మిదేళ్లు అనుకున్నాను. నువ్వు నన్ను పద్దెనిమిదేళ్లుగా కాపాడుతున్నావు. బడిలో పిల్లలు తాగుబోతు కూతురా అని పిలిచి నేను ఏడుస్తూ వచ్చినప్పుడు కూడా నువ్వు ఆ వేలిముద్ర సంగతి చెప్పలేదు. మరి నన్నేం చేయమంటావని అడిగాను. సంతకం పెట్టమంటావేమోనని, నిజం చెబుతున్నాను, ఆశపడ్డాను.

"నాకు ఆకలైతున్న ఆరేండ్ల పోరి ఉండె" అన్నావు. "నీకెవ్వలున్నరు?"

ఫోన్ పెట్టేశావు.

పంతొమ్మిదిన వెళ్లాను. ఆ కాగితం తిరగేసి, వెనకవైపు నా చేతిరాతతో డ్వేన్ చెప్పిన మాటలన్నీ రాశాను. గ్రెగ్ అడిగినవీ నేను చెప్పిన జవాబులూ రాశాను. నాలుగో గడి నొక్కింది నేనేనని రాశాను. కింద సంతకం పెట్టాను. బల్ల అవతలి అధికారి రెండుసార్లు చదివి, "నీ మీద నువ్వే రాసుకున్నావని తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

గెలిచాననుకోకు. వాళ్లు దాన్ని తమకు కావలసినట్టు వాడుకున్నారు. కాంట్రాక్టు ఉద్యోగి తప్పు గడి ఎంచుకోవడం వల్ల సమాచారం అందలేదని తీర్పు రాశారు. ఫారంలో మాత్రం ఐదో గడి పెట్టలేదు. గ్రెగ్ అదే కుర్చీలో ఉన్నాడు. డ్వేన్ ఉద్యోగం నిలిచింది. ఆజ్ఞకి ఎదురు చెప్పినందుకు అరవై రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. నా బ్యాడ్జి గేటు దగ్గరే తీసుకున్నారు. జగన్మోహన్ గారు తిట్టలేదు. "నేనేం చేయలేనమ్మా" అని ఫైల్ ఆపేశారు. విద్య నాతో మాట్లాడటం తగ్గించింది. ఆమె అన్నయ్య ఆ పదకొండుమందిలో ఒకడు.

డ్వేన్ నాకు థాంక్స్ చెప్పలేదు. పార్కింగ్‌లో నిలబడి, "ఆ రోజు బండి కదపకుండా ఉండాల్సింది నేను" అన్నాడు. తర్వాత, రాయ్ అక్కని ఆ చోటికి తీసుకెళ్తున్నాను, వస్తావా అన్నాడు. నిన్న వెళ్లాం. ఆవిడ ఇప్పటిదాకా కంపెనీని అడిగింది ఒక్కటేనట, తమ్ముడు ఎక్కడ పడ్డాడని. అది కంపెనీ సొంత స్థలం, చెప్పకూడదన్నారట. డ్వేన్‌కి ఆ మైలురాయి నంబరు ట్రాక్ గ్యాంగు వాళ్లు చెప్పారు. ముగ్గురం కంకర మీద కూర్చున్నాం. ఆవిడ ఏడవలేదు, రాళ్లు అటూ ఇటూ సర్దుతూ ఉంది. ఒక గూడ్సు బండి మా పక్కనుంచి వెళ్లింది. ఇంజనులోంచి ఎవరో చూసే ఉంటారు, మేం ముగ్గురం నాలుగో గడి వాళ్లమని రేడియోలో చెప్పే ఉంటారు.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు తట్టింది. నాన్న కాగితంలో 476/8 అని ఉంది. కల్లు దుకాణం అక్కడుంది కాబట్టి ఆ నంబరు వేశారు. పదో తరగతి నుంచి నేను రైల్లో వెళ్లినప్పుడల్లా ఆ స్తంభం దగ్గర కళ్లు మూసుకుంటున్నాను. తప్పు చోట అమ్మా, ఇన్నేళ్లూ తప్పు చోట. నాన్న నిజంగా పడ్డ చోటు నీకు తెలుసు. అదీ నీ గ్యాంగు బీటులోనే. పద్దెనిమిదేళ్లుగా రోజూ భుజాన సుత్తి వేసుకుని ఆ కిలోమీటరు రాయి పక్కనుంచే నడుస్తున్నావు.

మామా, ఇది నీకు. ఆ కాగితం కింద సాక్షి సంతకం నీదని నేను ఆ రోజే చూశాను. నాన్నతో ఆ పొద్దున డ్యూటీలో ఉన్నది కూడా నువ్వేనని అమ్మ ఎప్పుడో అంది. నేను నిన్ను నిలదీయను. నేనేం నొక్కానో నువ్వు చదివావు కదా. ఈ వాక్యాలు మాత్రం వదలకుండా అమ్మకు వినిపించు.

డిసెంబర్ ఇరవై ఎనిమిదిన బయలుదేరుతున్నాను. రాగానే ఆ చోట ఒక పూట కూర్చోవాలి. నాన్న పక్కన ఆ రోజు ఎవరు కూర్చున్నారో కూడా రాయండి, ఎవరైనా కూర్చుని ఉంటే. ఫోన్ వద్దు. ఆ కిలోమీటరు నంబరు నాకు కాగితం మీద కావాలి. మామ రాయాలి, కింద నువ్వు వేలిముద్ర వేయాలి. డిసెంబర్ ఇరవైలోపు నాకు అందేలా పంపండి.

కోటయ్య కూతురు,
దమయంతి