సబ్బుడబ్బాలో పాకం

అనకాపల్లి
6 ఫిబ్రవరి 2006

ఇశాపట్నం పాలిటెక్నిక్కులో సదూతున్న నా ముద్దుల మనవరాలు బిందుమాధవికి,

తాత అప్పలరాజు కోపంగా రాత్తన్న ఉత్తరం.

నీ సబ్బుడబ్బా అందింది. మూత తీత్తే సబ్బు నేదు, వైర్లున్నాయి. మీ మామ్మ కాసులమ్మ బాంబనుకుని పెరట్లోకి పరిగెత్తింది. దానివల్ల జరిగిన మంచి అదొక్కటే.

ఏటే, బెల్లం పాకం ఎప్పుడొచ్చిందో డబ్బా కూత పెట్టి నాకు సెప్తాదా? నలబై ఏళ్లుగా సన్యాసిరావు గానుగ కాడ పెనం ముందు నిలబడి పాకం దించుతున్నోణ్ణి. సుక్క నీళ్లలో ఏసి, ఏళ్లతో ఉండ సేసి సూత్తే నాకు తెలిసిపోద్ది. నువ్వు రెండు ముక్కలు సదివేసరికి తాతకి బ్యాటరీ కావలసొచ్చిందా? డబ్బాని కోళ్లగూడు మీద పెట్టేను. కోళ్లేనా వింటాయి.

కోపం తగ్గని,
మీ తాత

విశాఖపట్నం
11 ఫిబ్రవరి

ప్రియమైన తాతకి,

నాకూ కోపమొచ్చింది. నీ కంట్లో పొర వచ్చిందని, ఆవిరిలో నురగ రంగు కనపడట్లేదని మామ్మ సెలవుల్లో చెప్పి ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నావట. నీ ఉత్తరంలో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, ఇంకెవరిని మోసం చేస్తావు? ఆపరేషనంటే మంచం కింద దూరతావు.

కాలేజీ పని అని చెప్పి నీ పక్కన థర్మామీటరు పట్టుకుని నిలబడ్డానే, గుర్తుందా? నువ్వు "దించండ్రా" అన్నప్పుడల్లా వేడి ఎంతుందో రాసుకున్నాను. స్టీలు గొట్టం పాకంలో ముంచితే సరిగ్గా ఆ వేడికే డబ్బా కూస్తుంది. అందులో ఉన్నది నీ పనితనమే. నా ప్రాజెక్టు కూడా ఇదే. తువ్వాలు కింద దాచి వాడు, ఎవరికీ తెలీదు.

నీకంటే మొండి,
బిందు

అనకాపల్లి
20 ఫిబ్రవరి, సోమవారం

గుంటా,

తువ్వాలు కింద దాచేను. అదేమో పెళ్లి సన్నాయిలా కూసింది. గానుగ కాడున్నోళ్లంతా తిరిగి సూసేరు. సన్యాసిరావొచ్చి తువ్వాలెత్తేడు.

"ఏటి మామా ఇది?"

"మా మనవరాలు సేసింది బాబూ. పాకమొత్తే కూత్తాది."

"మరి నువ్వెందుకు?"

నవ్వుతానే అన్నాడు. నానూ నవ్వేను, ఎదవని. మూడు రోజులు నా మాటా దాని కూతా కలుత్తన్నాయో నేదో సూసేడు. కలిసేయి. ఇయ్యాల "ఇంటికాడ రెస్టు తీసుకో మామా, డబ్బా ఇక్కడుండనీ" అన్నాడు. నాతో కూకుని సద్దన్నం తిన్నోళ్లు ఎవరి పనిలోకి ఆళ్లెల్లిపోయేరు.

నా పని తీసింది సన్యాసిరావు కాదే, నువ్వు. నీకు గోరుముద్దలెట్టిన సెయ్యి ఇప్పుడు ఈగలు తోల్తంది. నాకు మరి ఉత్తరం రాయకు.

అప్పలరాజు

విశాఖపట్నం
24 ఫిబ్రవరి

తాతా,

వద్దన్నా రాస్తున్నాను. మామ్మ ఫోన్ చేసింది. మంగళవారం పెనం మాడిపోయిందటగా. మాడు వాసన వస్తున్నా, డబ్బా కూయలేదు కదాని దించలేదట. ఆ చెరుకు మరిడమ్మత్తదట. మొగుడు పోయాక ఒక్కతే సాకిన తోట. ఏడాదంతా కష్టపడి గానుగకి తెచ్చుకుంటే బొగ్గు చేసి పంపాం.

మూడు రోజులు సరిగా కూసింది నాలుగో రోజు ఎందుకు తప్పిందో తెలీడం లేదు. సర్క్యూట్ పదిసార్లు గీసి చూశాను. అంటే తప్పు నా చేతిలోనే ఉంది. ప్రాజెక్టు మానేస్తానని మేస్టారికి చెప్పేశాను. సోల్డరింగ్ ఐరన్ పక్కగది అమ్మాయికి ఇచ్చేశాను. నీ పనీ పోగొట్టాను, ఆవిడ బెల్లమూ పోగొట్టాను. ఇప్పుడు నువ్వెంత తిట్టినా పడతాను.

బిందు

అనకాపల్లి
28 ఫిబ్రవరి

నా తల్లి బిందుకి,

ముందు ఆ ఐరన్ ఎనక్కి తెచ్చుకో.

డబ్బా తప్పు నేదు. నన్ను ఇంటికి పొమ్మన్న రోజే, సన్యాసిరావు అటు తిరగ్గానే, కూత ఎప్పుడు రావాలో సర్దే లోపలి స్క్రూని గోరుతో తిప్పేసేను. ముట్టుకోవద్దని నువ్వే కాయితం అంటించేవు, అందుకే ఏ స్క్రూయో తెలిసింది. ఒక్క పెనం మాడితే నన్ను పిలుత్తాడనుకున్నాను. తరవాత పెనం ఎవరిదో అడగనేదు. నీకా ఉత్తరం రాసినప్పుడు ఆ గోరు ఇంకా మండుతానే ఉంది, నిన్నే తిట్టేను.

మరిడమ్మ మాడిన ముక్క నాకి సూసి "అప్పలరాజు మామ ఉంటే ఇలా అయ్యేది కాదు" అందట. అంతకన్నా సెప్పు తీసి కొట్టినా బాగుండును.

నిన్న గానుగ కాడ అందరి ముందూ సెప్పేసేను. స్క్రూ సంగతీ, కళ్ల సంగతీ. సన్యాసిరావు బూతులు తిట్టేడు. మరిడమ్మ మొకం తిప్పుకుంది. ఇయ్యాల పొద్దున్న కబురెట్టింది. మిగిలిన సగం తోట ఆదివారం నరుకుతాదట. "ఆ పిల్లని రమ్మను, పాకం దాని సేతే దింపించుకుంటాను. నిన్ను నమ్మను."

శనివారమే రా. పెనం ముందు నువ్వు నిలబడు. నాను పొయ్యిలో పిప్పి ఎగదోత్తాను. నలబై ఏళ్ల కిందట గానుగలో నాకిచ్చిన మొదటి పని అదే. ఇప్పుడు ఆ పనికి కూడా మరిడమ్మనడిగి ఒప్పించుకున్నాను.

నీ పొయ్యి మనిషి,
తాత